పాత పాటల్లో దాచిన మాట: ఎవరు పాడారు, ఎవరు విన్నారు

సినిమా పాటల మీద గొడవ మళ్లీ రాజుకుంది. పాటల్లో వేయిస్తున్న అసభ్యమైన స్టెప్పులు ఆడవాళ్లను కించపరిచేలా ఉన్నాయని, తీరు మార్చుకోకపోతే చర్యలు తప్పవని 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా వాళ్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక స్టెప్పుల గురించే. కానీ నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పెండ్లి బరాత్ దగ్గరో, బతుకమ్మ ఆట దగ్గరో డీజే మీద మాట పడితే చర్చ వెంటనే పాటలోని మాటల మీదికి మళ్లుతోంది. మా కాలం పాటలు శుద్ధంగా ఉండేవని పెద్దలు అంటారు. కుర్రాళ్లు ఫోన్‌లో పాత పాటొకటి పెట్టి, దీని అర్థమేమిటో చెప్పండని నిలదీస్తారు.

కుర్రాళ్ల ప్రశ్న న్యాయమైనదే. అయితే పాత పాటల్లోనూ ఉంది కాబట్టి ఇప్పుడు అడగొద్దు అనడం వేరే సంగతి. ఆ తేడా తెలియాలంటే ఈ ప్రాంతంలో పాట ఎవరి నోట ఉండేదో, ఎవరి చేతికి పోయిందో చూడాలి.

అన్నమయ్య శృంగార కీర్తనల దగ్గర, క్షేత్రయ్య పదాల దగ్గర మొదలుపెట్టను. వాటి గురించి అందరూ రాశారు, పైగా వాటిలో శృంగారం దాచింది కాదు, బాహాటంగా పాడిందే. తెలుగు పాటకు ముసుగు పడిన ఏడాదిగా చాలామంది చూపించేది 1911. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠంతో అచ్చు వేయించారు. అందులోని కొన్ని భాగాలు ఆడవాళ్లు వినడానికే తగవని వీరేశలింగం అంతకుముందే తేల్చేశారు. ఒక వేశ్య రాసిన కావ్యాన్ని మరో వేశ్య అచ్చు వేయించడమేమిటన్న గోల లేచింది, మరుసటి ఏడాది మద్రాసు ప్రభుత్వం ప్రతులను జప్తు చేసింది. ప్రకాశం పంతులు చొరవతో 1947లో గానీ ఆ నిషేధం పోలేదు. నాగరత్నమ్మ పోరాటం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ నల్లగొండ, పాలమూరు అప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్నాయి. ఇక్కడి ఆడవాళ్ల పాట పుస్తకంలో లేదు, పొలంలో ఉంది. దాన్ని జప్తు చేయడం ఎవరి వల్లా కాలేదు.

ఆ పాట ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి వాదనల్లో తప్పిపోతున్నది అదే. నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, వడ్లు దంచేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. నడుము వంచి చేసే పనికి లయ కావాలి, ఒళ్లు నొప్పి మరిచిపోవడానికి నవ్వు కావాలి. ఆ నవ్వు చాలాసార్లు పడక ముచ్చట్ల నుంచే వచ్చేది. ఊట ఆగని బావి, బావిలోకి దిగే మోట, రోట్లో పడే రోకలి, మొగ్గ మీద వాలే తుమ్మెద, దున్నక బీడు పడిన చేను. అన్నీ కళ్లముందున్న వస్తువులే. గట్టు మీద నిలబడ్డ జీతగాడికో, పెత్తనం చేసే పటేలుకో అది పని పాట. వంగి ఉన్న వాళ్లలో పెండ్లయిన ప్రతి ఆడమనిషికీ రెండో అర్థం తెలుసు. మొగుడి చేతకానితనాన్ని ఎగతాళి చేయాలన్నా, దొర చూపు ఎక్కడ పడుతోందో పక్కామెకు చెప్పాలన్నా ఆ రెండో అర్థమే దారి. ఎవరైనా నిలదీస్తే బావి గురించి పాడుకున్నామని తప్పించుకోవచ్చు. దొర మాటకు ఎదురు లేని కాలంలో ఆ వెసులుబాటు విలువ చిన్నది కాదు.

ఈ పాటకు కట్టుబాట్లు కూడా ఉండేవి. మొదటిది వరుస. బావా మరదళ్ల మధ్య, వియ్యాలవారి మధ్య సరసం చెల్లుతుంది. అన్నదమ్ముల ముందు, మామ ముందు, కొడుకు ముందు చెల్లదు. వరుస కాని మనిషి గట్టెక్కితే పాట మారిపోయేది. రెండోది జవాబు. పెండ్లిలో ఎదుర్కోళ్ల దగ్గర, నలుగు పెట్టేటప్పుడు, బంతి భోజనాల దగ్గర ఒక వైపు ఆడవాళ్లు వియ్యపురాలి మీద పాట కడితే, అవతలి వైపు వాళ్లు అంతకు రెట్టింపు ఘాటుగా తిప్పికొట్టేవాళ్లు. మాట పడ్డ మనిషికి మాట అనే హక్కు అక్కడికక్కడే దొరికేది. మూడోది సమయం. మగవాళ్ల పచ్చి పాటలకు కాముని పున్నమ (హోళీ) ముందు రాత్రులు కేటాయించారు. నల్లగొండ పల్లెల్లో కోలలు పట్టుకుని జాజిరి ఆడుతూ పాడేవాళ్లు, కామదహనంతో అది ముగిసేది. మరునాడు అదే పాట పాడితే పెద్దలు ఊరుకునేవాళ్లు కాదు.

ఇదంతా స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ కట్టుబాట్లేవీ కాపాడని ఆడవాళ్లు ఇదే ప్రాంతంలో ఉన్నారు. పాలమూరులో దేవత పేరు మీద జోగినిగా వదిలేసిన దళిత ఆడపిల్లలను జాతరల్లో, శవయాత్రల ముందు ఆడించారు. జోగినికి వరుస లేదు, ఆమెను ఎవరైనా ఏదైనా అనవచ్చు. తిరిగి అనే హక్కు లేదు, ఆపమనే హక్కు అంతకన్నా లేదు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో చట్టం 1988లో గానీ రాలేదు. పల్లె పాటలో స్వేచ్ఛ ఉండేదని పొగిడే వ్యాసాలు ఈ సంగతి దాటేస్తాయి. పాటలోని పచ్చిదనం ఆడదాని ఆయుధమా, ఆమె మీద దెబ్బా అన్నది పాడేది ఎవరి ఇష్టంతో అన్న దాని మీదే తేలుతుందని జోగినుల బతుకు చూస్తే తెలుస్తుంది.

మరి పాత పాటలు శుద్ధమైనవన్న నమ్మకం ఎక్కడ పుట్టింది? చదువుకున్నవాళ్లు పల్లె పాటలు సేకరించి అచ్చు వేయడం మొదలుపెట్టాక. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు 1950ల్లో జానపద గేయాల మీద చేసిన పరిశోధన ఈ రంగానికే పునాది. కానీ మొత్తంగా చూస్తే అచ్చులోకి, పాఠ్యపుస్తకాల్లోకి, రేడియోలోకి వచ్చినవి లాలిపాటలు, భక్తి పాటలు, అప్పగింతల పాటలు, కాస్త మర్యాదైన సరసం. ఒక మగ పండితుడు కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఏ నాటు కూలీ అయినా నాటు దగ్గరి పాట పాడుతుందా? మరోవైపు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు లాంటి వారు ఇక్కడి జానపద బాణీలకు పోరాటపు మాటలు కట్టారు. నల్లగొండలో ఆ మాటలు ప్రాణాలు నిలబెట్టాయి, వాటికి ఎవరూ వంక పెట్టరు. అయితే మనవలకు అందింది పోరాట పాట, పుస్తకంలోని పాట. అవ్వలు పొలంలో పాడుకున్నది అందలేదు.

నా లెక్కలో అసలు మలుపు 1970ల్లో మొదలై 80ల్లో పూర్తయింది. బావి మీద కరెంటు మోటారు కూర్చుంది, మోట పోయింది. రోకలి పని మిల్లు తీసుకుంది. పని పోయాక పని పాట నిలవలేదు. సరిగ్గా అప్పుడే పెండ్లిళ్లకు మైకు సెట్టు వచ్చింది. వేపచెట్టుకు కట్టిన లౌడ్ స్పీకర్లోంచి పొద్దస్తమానం రికార్డులు మోగేవి. 1977లో వచ్చిన అడవి రాముడులో వేటూరి రాసిన ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ లాంటి పాట ఊరంతటికీ ఒకేసారి వినిపించింది. అత్త, కోడలు, మామ, పదేళ్ల పిల్లాడు, అందరూ ఒకే పాటను ఒకే చోట విన్నారు. వరుస అన్నది అక్కడ రద్దయింది. స్పీకర్‌కు జవాబు పాట కట్టలేం కాబట్టి జవాబూ రద్దయింది. సమయం సంగతి చెప్పనక్కర్లేదు, కాముని పున్నమ ఏడాది పొడవునా అయింది.

పాట ఆడగొంతులోనే ఉంది. రాసింది మగవాడు, బాణీ కట్టింది మగవాడు, తీసింది మగవాడు. పొలంలో ఆమె మొగుడిని ఎగతాళి చేసేది. సినిమా పాటలో ఆమె తన ఒంటి గురించి తానే, మగవాడు చూసినట్టుగా పాడుతోంది. రెండో అర్థం పొలంలో గట్టు మీది మగవాడికి అందకుండా పెట్టింది. సినిమాలో అది నేరుగా మగ ప్రేక్షకుడి కోసమే పెట్టింది.

సినిమా కవుల పక్షాన చెప్పేవాళ్లు, సెన్సార్ ఉన్నచోట కవికి శ్లేష తప్పదని, తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి మంచి పాటగానే ఉంటుందని అంటారు. వేటూరి భాష మీద పట్టును ఎవరూ కాదనరు. ఆ వాదన థియేటర్ వరకు నిలుస్తుంది. ఊళ్లోకి వచ్చాక జరిగింది వేరు. జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సులు మొదలయ్యాయి. మాటలో దాగిన అర్థాన్ని అక్కడ బతుకుతెరువుకు స్టేజీ ఎక్కిన ఆడపిల్ల ఒళ్లు విప్పి చెప్పాల్సి వచ్చింది. ఆ వెనకే క్యాసెట్లు వచ్చాయి. పల్లె పాటలే స్టూడియోలోకి వెళ్లి, మగవాళ్లు మాటలు మార్చి, బస్టాండ్ల దగ్గర జానపదం పేరుతో అమ్ముడుపోయాయి. ఈ రోజు బరాత్‌లో మోగే యూట్యూబ్ జానపదాల్లో చాలావాటి దారి అక్కడే పడింది.

చట్టం ఈ తేడాను పట్టించుకోలేదు. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అసభ్యమైన పాట పాడితే మూడు నెలల వరకు జైలు అని 1860 నాటి శిక్షాస్మృతిలోని 294వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నోరు తెరిచి పాడిన మనిషి దాని కిందికి వస్తారు. సినిమా పాటకు సెన్సార్ సర్టిఫికెట్ అండ ఉంది. నీచమైన కోరికలను రెచ్చగొట్టే ద్వంద్వార్థపు మాటలను అనుమతించరాదని 1991లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఆ మాట అమల్లో ఉండగానే ఈ ముప్ఫై ఏళ్ల పాటలూ సర్టిఫికెట్ తీసుకుని వచ్చాయి. స్టెప్పుల మీద మాట్లాడిన మహిళా కమిషన్, రాసేవాళ్ల గురించి, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల గురించి కూడా అడిగితే బాగుండేది.

ఇప్పుడు సాగర్ ఎడమ కాలువ కింద చాలాచోట్ల నాట్లకు బిహార్, బెంగాల్ నుంచి మగ కూలీల ముఠాలు వస్తున్నాయి. వంగి పాడిన ఆడవాళ్లకు వయసు మీద పడింది. వాళ్ల పాటలు తెలిసిన చివరి తరం అదే. కొన్ని ఊళ్లలో బతుకమ్మ ఆట దగ్గర డీజే వద్దని తీర్మానాలు చేస్తున్నారు. ఆ తీర్మానం చేసే కమిటీల్లో కూర్చునేది ఎక్కువగా మగవాళ్లే. డీజే తీసేశాక ఏ పాట పాడాలో కూడా వాళ్లే చెబుతున్నారు, అది పుస్తకంలోంచి తెచ్చిన పాట. ఆట ఆడేది ఆడవాళ్లు. ఏ పాట మోగాలో, ఏ పాట ఆపాలో, ఏది తమలో తామే ఉంచుకోవాలో ముందుగా వాళ్లను అడగాలి. పాత పాటలు రికార్డు చేస్తామని వచ్చేవాళ్లు కూడా పాడిన అవ్వ ఒప్పుకున్నంత వరకే బయటపెట్టాలి, వినడానికి ఆడవాళ్లనే పంపాలి.