మిన్, టార్గెట్, కంపైల్: మూడు నంబర్ల చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఆండ్రాయిడ్ ప్రాజెక్ట్‌లో గ్రేడిల్ ఫైల్ (యాప్‌ను ఎలా బిల్డ్ చేయాలో చెప్పేది) తెరిస్తే మిన్ ఎస్‌డీకే (యాప్ నడిచే కనీస ఆండ్రాయిడ్ వెర్షన్), టార్గెట్ ఎస్‌డీకే (యాప్ ఏ వెర్షన్ నియమాలకు సిద్ధమైందో), కంపైల్ ఎస్‌డీకే (కోడ్ ఏ వెర్షన్ ఏపీఐలతో, అంటే సిస్టమ్ ఇచ్చే క్లాసులూ మెథడ్లతో, కంపైల్ అవుతుందో) కనిపిస్తాయి. ప్రతి ఆండ్రాయిడ్ వెర్షన్‌కీ ఒక నంబర్ ఉంటుంది, ఇక్కడ రాసేది అదే: 31 అంటే ఆండ్రాయిడ్ 12, 33 అంటే 13, 35 అంటే 15. టెంప్లేట్ ఏ నంబర్ ఇస్తే అదే ఉంచేసి, ఏదో ఎర్రర్ వచ్చినప్పుడు తప్ప వాటి జోలికి వెళ్లం. నేనూ చాలాకాలం అంతే. కొత్తవాళ్ల నుంచే కాదు, సీనియర్ల నుంచి కూడా నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: టార్గెట్ 33 అంటే యాప్ ఆండ్రాయిడ్ 13 వరకే పనిచేస్తుంది.

వాస్తవం: ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లోనూ ఆ యాప్ హాయిగా నడుస్తుంది. ‘నన్ను 13 నాటి నియమాలతో చూసుకో, తర్వాత వచ్చిన మార్పులు నాకింకా తెలియవు’ అని యాప్ సిస్టమ్‌కి చెప్పుకోవడమే టార్గెట్. సిస్టమ్ చాలావరకు ఆ మాట మన్నిస్తుంది. కానీ మరీ పాత టార్గెట్‌ను ఒప్పుకోదు. ఆండ్రాయిడ్ 14లో టార్గెట్ 23 కన్నా తక్కువైతే యాప్ ఇన్‌స్టాలే కాదు, 15లో ఆ గీత 24కి జరిగింది. రన్‌టైమ్ పర్మిషన్లు (యాప్ నడుస్తుండగా యూజర్‌ని అడిగి తీసుకునేవి) 23తో వచ్చాయి కదా, వాటిని తప్పించుకోవడానికే కొన్ని మాల్‌వేర్లు 22 పెట్టుకునేవి.

అపోహ: టార్గెట్ పెంచడం ఒక్క లైన్ పని.

వాస్తవం: మార్చేది ఒక్క లైనే. ఒకసారి 30ని 31 చేశాను. ముందు మానిఫెస్ట్ (యాప్‌లో ఏమేం ఉన్నాయో సిస్టమ్‌కి చెప్పే ఫైల్) దగ్గర బిల్డ్ ఆగింది: ఇంటెంట్ ఫిల్టర్ ఉన్న ప్రతి యాక్టివిటీకీ (స్క్రీన్‌కీ) ఎక్స్‌పోర్టెడ్ అవునో కాదో, అంటే వేరే యాప్‌లు దాన్ని తెరవవచ్చో లేదో రాయమంది. రాశాను, బిల్డ్ అయింది, నా టెస్ట్ ఫోన్‌లో అంతా బాగానే ఉంది. రిలీజ్ చేశాక క్రాష్‌లు మొదలయ్యాయి. నోటిఫికేషన్ కోసం తయారుచేసే పెండింగ్ ఇంటెంట్‌కి (నోటిఫికేషన్ నొక్కితే ఏం జరగాలో ముందే చెప్పి ఉంచేది) మ్యూటబుల్ (తర్వాత మార్చవచ్చు), ఇమ్మ్యూటబుల్ (మార్చకూడదు) ఫ్లాగుల్లో ఏదో ఒకటి ఇవ్వాలన్న నియమం 31 టార్గెట్‌తో వచ్చింది. అది అమలయ్యేది ఆండ్రాయిడ్ 12, ఆపైన ఫోన్లలోనే. నా టెస్ట్ ఫోన్‌లో ఉన్నది 11! అప్పటినుంచి టార్గెట్ పెంచితే అదే వెర్షన్ ఎమ్యులేటర్‌లో ప్రతి స్క్రీనూ తిప్పి చూడనిదే రిలీజ్ చేయను. 35కి వెళ్తే ఎడ్జ్ టు ఎడ్జ్ (యాప్ స్క్రీన్ అంచుల దాకా పరుచుకోవడం) తప్పనిసరి కాబట్టి, ఇన్‌సెట్స్ (సిస్టమ్ బార్లకు వదలాల్సిన ఖాళీ) పట్టించుకోని యాప్‌లో టైటిల్ స్టేటస్ బార్ వెనక్కి దూరిపోతుంది.

పోనీ తర్వాత చూద్దాం అనుకోవడానికీ లేదు. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే మామూలు ఫోన్ యాప్‌లకూ వాటి అప్‌డేట్లకూ టార్గెట్ కనీసం 35 ఉండాలన్నది నియమం.

అపోహ: కంపైల్ ఎస్‌డీకే పెంచితే ఏమీ కాదు.

వాస్తవం: తొంభై శాతం నిజమే. అది కోడ్ ఏ ఏపీఐలను చూడగలదో చెప్పేదే తప్ప, ఫోన్‌లో యాప్ ప్రవర్తనను మార్చేది కాదు. కానీ 35తో ఒక తమాషా జరిగింది. కాట్లిన్‌లో లిస్ట్ మీద రిమూవ్ ఫస్ట్ అని పిలిస్తే అంతకుముందు కాట్లిన్ సొంత ఎక్స్‌టెన్షన్ (క్లాస్‌కి బయటినుంచి తగిలించిన ఫంక్షన్) నడిచేది. 35లో జావా లిస్ట్‌కే ఆ పేరుతో మెథడ్ వచ్చింది. ఎక్స్‌టెన్షన్ కన్నా మెంబర్‌కే (క్లాస్‌లోనే ఉన్న మెథడ్‌కే) ప్రాధాన్యం కాబట్టి కంపైలర్ చడీచప్పుడు లేకుండా దాన్ని పట్టుకుంది. ఆండ్రాయిడ్ 14, అంతకు ముందు ఫోన్లలో ఆ మెథడ్ లేదు, దాంతో క్రాష్. రిమూవ్ ఎట్ సున్నా అని రాస్తే గొడవ లేదు. లింట్ (కోడ్‌లో తప్పులు వెతికే టూల్) హెచ్చరికలు చదివే అలవాటుంటే ముందే దొరుకుతుంది, అదీ చదివితే.

అపోహ: మిన్ ఎంత తగ్గిస్తే అంత లాభం.

వాస్తవం: ఆ పాత వెర్షన్‌లో మీరు టెస్ట్ చేస్తున్నారా? చేయకపోతే ఆ నంబర్ ఉత్త మాటే. మీరు వాడే లైబ్రరీ మిన్ మీ మిన్ కన్నా ఎక్కువైతే మానిఫెస్ట్ మెర్జర్ (యాప్, లైబ్రరీల మానిఫెస్ట్‌లను కలిపే టూల్) బిల్డ్ ఆపేస్తుంది. ఓవర్‌రైడ్ లైబ్రరీ అని రాసి నోరు మూయించవచ్చు, అప్పుడు గొడవ బిల్డ్ నుంచి యూజర్ ఫోన్‌లోకి మారుతుంది. కొత్త జావా టైమ్ క్లాసులకు 26 కావాలి, కింది వెర్షన్లకు డీషుగరింగ్ (కొత్త జావా క్లాసులను పాత ఫోన్లలోనూ నడిచేలా మార్చే బిల్డ్ సదుపాయం) ఆన్ చేస్తే చాలు. అన్నింటికీ మిన్ పెంచక్కర్లేదు.

అపోహ: మిన్ పెంచితే పాత ఫోన్లలో యాప్ పోతుంది.

వాస్తవం: పోదు. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్ అలాగే ఉంటుంది, కొత్త అప్‌డేట్లు మాత్రం రావు. అంటే మీ సర్వర్ ఆ పాత వెర్షన్ పంపే రిక్వెస్టులకు ఇంకొన్నాళ్లు జవాబు చెప్పాల్సిందే. మిన్ పెంచే ముందు బ్యాకెండ్ వాళ్లకు ఒక మాట చెప్పండి.