రెండేళ్ల ఫిట్టర్, మూడు నెలల ఆపరేటర్: శ్రీసిటీ ఉద్యోగాల గొడవ వెనక కథ

తిరుపతి జిల్లాలోని పారిశ్రామికవాడ శ్రీసిటీలో లోకల్ వాళ్లకు ఉద్యోగాల గొడవ మళ్లీ రాజుకుంది. ఇక్కడి పిల్లలకు స్కిల్ లేదని కంపెనీలవాళ్లు అంటున్నారు. నేర్చుకుని వచ్చినవాణ్ణి కూడా ఏడాదికే ఇంటికి పంపేస్తున్నారని సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల జనం అంటున్నారు. 2008లో ఇక్కడి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఎలా మొదలైంది, ఏ ఊళ్లో ఎవరి భూమి పోయింది అన్నది ఈ జిల్లాలో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అన్న రాష్ట్ర చట్టం గురించి కూడా అందరూ మాట్లాడుతున్నారు, దాని సంగతి తర్వాత చూద్దాం. నా మటుకు నాకు ఈ తగాదా మూలం ఆ రెండిట్లోనూ కనపడదు. 2014 చివర్లో మూడు నెలల తేడాతో ఢిల్లీలో వచ్చిన రెండు మార్పుల్లో ఉంది.

అంతకుముందు పల్లెటూరి పేద పిల్లవాడికి చేతిపని నేర్చుకోవడమంటే ఐటీఐ. 1950లో కేంద్రం మొదలుపెట్టిన పథకం అది. పది పాసై, ఇంటర్‌కు డబ్బుల్లేక, పాలమనేరు నుంచో పుత్తూరు నుంచో వచ్చే కుర్రాడు ఫిట్టర్‌లోనో ఎలక్ట్రీషియన్‌లోనో చేరితే రెండేళ్లు, వెల్డర్ అయితే ఏడాది. ఫిట్టర్ ట్రేడ్‌లో మొదటి వారాలు చూసినవాళ్లకు తెలుస్తుంది అదెంత విసుగు పుట్టించే పనో. ఇనప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్దడమే. రుద్దాక ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి, ముక్కను కిటికీవైపు ఎత్తి పట్టుకోవాలి. స్క్వేర్‌కీ ఇనుముకీ మధ్య సన్నగా వెలుతురు దూరిందా, పని నేర్పే ఏటీఓ సార్ మాట్లాడకుండా ముక్క చేతిలో పెడతాడు, మళ్లీ వైస్ దగ్గరికే. చేతులు బొబ్బలెక్కుతాయి. కానీ రెండో ఏడాదికి ఆ కుర్రాడు వెర్నియర్ కొలబద్ద పట్టుకుని మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా చెప్పగలడు. ఏ మెషిన్ ఎందుకు మొరాయిస్తోందో చెవి ఆనించి పోల్చుకోగలడు. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏదో ఒక వర్క్‌షాపులో ఏడాది. ఎంతమందిని తీసుకోవాలో ప్రభుత్వం చెప్పేది. తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలుశిక్ష వేసే వీలు కూడా చట్టంలో ఉండేది. జైలుకు వెళ్లినవాళ్ల సంగతి అటుంచండి, ఆ భయమైతే ఉండేది.

2014 సెప్టెంబర్ 25న దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చింది. 15 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న గ్రామీణ పేద యువతకు ఉచిత శిక్షణ, హాస్టల్, భోజనం, చివర్లో ఉద్యోగం. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకు, లబ్ధిదారుల్లో మూడో వంతు ఆడపిల్లలకు. ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. ఐటీఐ గడప తొక్కని ఆడపిల్లలు ఎందరో దీనివల్లే మొదటిసారి జీతం కళ్లజూశారు. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ నడిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఈజీఎంఎం అనే ఉపాధి మిషన్ అప్పటికే ఇలాంటి పని చేస్తూ ఉండేది కాబట్టి మనకు పూర్తిగా కొత్తదేం కాదు.

చిక్కంతా లెక్కలో వచ్చింది. అప్పట్లో పెట్టిన నిబంధనల ప్రకారం కోర్సు 576 గంటలు ఉంటే చాలు, అంటే మూడు నెలలు. పిల్లవాడు ఉద్యోగంలో మూడు నెలలు నిలబడి జీతం చీటీ చూపిస్తే ప్లేస్‌మెంట్ అయినట్టే. అప్పటి నిబంధనల్లో కనీస జీతం నెలకు 6,000 రూపాయలు. శిక్షణ ఇచ్చే సంస్థకు డబ్బు వాయిదాల్లో వస్తుంది, చివరి వాయిదాలు ఈ ప్లేస్‌మెంట్ లెక్క మీద ఆధారపడతాయి. నాలుగో నెలలో ఆ పిల్ల ఎక్కడుందన్నదానికి ఈ లెక్కలో పెద్ద బరువు లేదు. దాంతో సంస్థలు ఏం చేస్తాయి? ఒకేసారి బస్సుల్లో ఎక్కించి దించగలిగే ఉద్యోగాలు వెతుకుతాయి. అసెంబ్లీ లైన్, ప్యాకింగ్, సెక్యూరిటీ, షాపింగ్ మాల్. సరిగ్గా అదే సమయానికి శ్రీసిటీకి లైన్ మీద నిలబడే చేతులు కావాల్సి వచ్చింది. 2015లో ఫాక్స్‌కాన్ ఫోన్ల తయారీ మొదలైంది, అక్కడ పనిచేసేవాళ్లలో అత్యధికులు ఆడపిల్లలే. 2016 ఏప్రిల్‌లో వాహనాల కంపెనీ ఇసుజు, క్యాడ్‌బరీ చాక్లెట్ల మాండెలెజ్ తెరుచుకున్నాయి.

లైన్ మీద ఒక్కొక్కరికీ ఒక్కో పని. స్క్రూ బిగించేవాళ్లు రోజంతా స్క్రూలే బిగిస్తారు. అది మూడు రోజుల్లో వస్తుంది. మూడేళ్లు చేసినా అంతకు మించి వచ్చేదేమీ లేదు. పని మానేసి ఊరికొస్తే ఆ నేర్పుకు పుత్తూరులో గిరాకీ లేదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయితే కనీసం మోటారు కాయిల్ చుట్టుకుని బతుకుతాడు.

రెండో మార్పు డిసెంబర్ 22న అమల్లోకి వచ్చింది. అప్రెంటిస్ చట్టాన్ని సవరించారు. జైలుశిక్ష పోయింది, జరిమానా మిగిలింది. ప్రభుత్వం నిర్ణయించిన ట్రేడ్‌లతో పాటు కంపెనీలు తామే రూపొందించుకునే ‘ఐచ్ఛిక’ ట్రేడ్‌లకూ తలుపు తెరిచారు. 2016లో అప్రెంటిస్‌కు కంపెనీ ఇచ్చే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రమే తిరిగి ఇచ్చే పథకం తెచ్చారు. 2019లో అప్రెంటిస్‌ల పరిమితిని సిబ్బందిలో 15 శాతానికి పెంచారు. పది పాసైనవాడికి 6,000, డిగ్రీ ఉంటే 9,000 కనీస స్టైపెండ్‌గా పెట్టారు. 1961 నుంచీ మారని సంగతి ఒకటుంది. అప్రెంటిస్ కార్మికుడు కాడు. పీఎఫ్ ఉండదు, కోర్సయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన ఉండదు. పాత పద్ధతిలో ఇది పెద్దగా నొప్పి పెట్టలేదు, ఎందుకంటే అప్పుడు అప్రెంటిస్ వర్క్‌షాపులో నేర్చుకునేవాడు. లైన్ మీదికి వచ్చేసరికి అతను చేసేదీ పక్కనున్న పర్మినెంట్ మనిషి చేసేదీ ఒకటే పని. ఏడాది కాగానే కొత్త బ్యాచ్ వస్తుంది. గేటు దగ్గర జనం మొత్తుకుంటున్నది దీని గురించే.

కంపెనీల మాట కూడా వినాలి. పిల్లలు ఆరు నెలలు తిరక్కుండానే మానేస్తారని, పండక్కి ఊరెళితే వారం దాకా రారని, అవతల చెన్నై గంటన్నర దూరంలో ఉంది కాబట్టి అక్కడి అనుభవజ్ఞులే వచ్చి చేరతారని వాళ్ల వాదన. ఇందులో నిజముంది. అయితే తడలోనో సూళ్లూరుపేటలోనో నలుగురు కలిసి గది తీసుకుని, అద్దె, భోజనం పోను ఇంటికి ఎంత పంపగలరో లెక్కేస్తే మానేయడం సోమరితనం అనిపించదు.

ఇప్పుడు 2019 చట్టం. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్నారు. అర్హులు దొరక్కపోతే కంపెనీ ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వాళ్లకు శిక్షణ ఇవ్వాలన్నారు. దీనిమీద హైకోర్టులో కేసులు పడ్డాయి. ఇలాంటిదే హర్యానా చట్టాన్ని 2023 నవంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. కోర్టుల సంగతి అలా ఉంచినా, రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్నవారంతా ఈ చట్టానికి స్థానికులే. శ్రీకాకుళం కుర్రాడికి ఉద్యోగమిచ్చినా లెక్క సరిపోతుంది, సెజ్‌కు భూమి పోయిన ఊరికి ఒరిగేదేమీ ఉండదు. శిక్షణ షరతు అన్నిటికన్నా ముఖ్యమైనది. దానిమీద మాత్రం మన నాయకులు మైకు ముందు ఒక్క నిమిషమూ ఖర్చు పెట్టరు.

వేరే పద్ధతి కుదరదా అంటే తిరుపతిలోనే ఉంది. రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఐటీఐ పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అదీ చాలదని వాళ్లు ధర్నాలు చేస్తుంటారు, అది వేరే కథ. టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ నాలుగేళ్ల కోర్సులో చేరిన పిల్లల పేరున లక్ష రూపాయలు బ్యాంకులో వేసి, కోర్సయ్యాక వడ్డీతో చేతికిస్తుంది. ఉలి పట్టాలన్నా నాలుగేళ్లు అన్నం పెట్టే దిక్కుండాలని వాళ్లకు అర్థమైంది.

ఈ తగాదా ఇప్పుడే ఇంత వేడెక్కడానికి ఇంకో కారణముంది. 2025 అక్టోబర్‌లో కేంద్రం పీఎం-సేతు ప్రారంభించింది. 60,000 కోట్లతో వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను బాగుచేస్తారు, పగ్గాలు పరిశ్రమల ఆధ్వర్యంలోని సంస్థల చేతిలో పెడతారు. ఇలాంటిది ఇదివరకూ జరిగింది. 2007 తర్వాత 1,396 ఐటీఐలకు ఒక్కోదానికి రెండున్నర కోట్ల వడ్డీలేని అప్పిచ్చి, కమిటీలకు పరిశ్రమల వాళ్లను చైర్మన్లుగా పెట్టారు. అప్పటికి 2014 సవరణ లేదు. ఇప్పుడు సిలబస్‌లో మాట చెల్లేదీ, ఏడాది అప్రెంటిస్‌లను వాడుకునేదీ ఒకే చేయి అయితే ఆ రెండేళ్ల ఫిట్టర్ కోర్సు ఎన్నాళ్లు రెండేళ్లుగా ఉంటుందన్నది జనం అనుమానం. నాకూ ఉంది.

2014 సవరణలోనే ఇంకో మాట ఉంది. శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకోవడం మీద ప్రతి యజమానీ తన విధానాన్ని రూపొందించుకోవాలని 22వ సెక్షన్ చెబుతోంది. శ్రీసిటీలో కంపెనీలు, ఊరివాళ్లు, అధికారులు ఈసారి మాట్లాడుకోవడానికి కూర్చుంటే ముందు బల్లమీదికి రావాల్సింది ఆ విధానం కాగితం. దానితో పాటు, ఇప్పటిదాకా ఎంతమంది అప్రెంటిస్‌లు వచ్చారు, వాళ్లలో ఎంతమంది పర్మినెంట్ అయ్యారన్న లెక్క.