ఉత్తరాల గూళ్లలో జనం

2014 ఏప్రిల్‌లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకుందామని డెట్రాయిట్ నుంచి నీళ్లు తెచ్చుకోవడం మానేసి, ఊరి మీదుగా పారే ఫ్లింట్ నది నీళ్లనే కుళాయిల్లోకి వదిలింది. గొట్టాలు తినేసుకుపోకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత సీసపు గొట్టాల నుంచి సీసం నీళ్లలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చి చూపించినా, ప్రమాదమేమీ లేదనే అధికారులు చెబుతూ వచ్చారు. పిల్లల రక్తంలో సీసం గురించి వాళ్లు చూస్తున్న లెక్కల్లో ప్రమాదం సరిగా కనబడలేదు కూడా. ఆ లెక్కలు జిప్ కోడ్ వారీగా, అంటే మన పిన్ కోడ్ లాంటి అక్కడి తపాలా అంకె వారీగా, తీసినవి మరి.

చిరునామాలో ఫ్లింట్ అని, ఫ్లింట్ జిప్ కోడ్ అని రాసుకునే ఇళ్లలో దాదాపు మూడో వంతు అసలు ఆ నగరం హద్దుల్లోనే లేవు. వాటికి ఆ నీళ్లు రావు. ఆ ఇళ్ల పిల్లల్నీ కలిపి సగటు తీసేసరికి విషం కాగితం మీద పలచబడిపోయింది. 2015లో పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషా, భూగోళ శాస్త్రవేత్త రిచర్డ్ శాడ్లర్ జిప్ కోడ్‌ను పక్కన పెట్టి, ఒక్కో బిడ్డ ఇల్లు ఎక్కడుందో మ్యాపు మీద గుర్తించి మళ్లీ లెక్క కట్టారు. నగరంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో, రక్తంలో సీసం హద్దు మీరినవాళ్లు 2.4 శాతం నుంచి 4.9 శాతానికి పెరిగారని అప్పుడు తేలింది.

జిప్ కోడ్ అంటే నేల మీద గీసిన ప్రాంతం కాదు. ఏ పోస్టాఫీసు నుంచి బయల్దేరిన పోస్ట్‌మ్యాన్ ఏ వీధులు తిరుగుతాడో చెప్పే గుర్తు, అంతే. దాంతో జనాన్ని ఎందుకు కొలవడం మొదలుపెట్టారో తెలియాలంటే లండన్ దాకా వెనక్కి వెళ్లాలి.

1857లో లండన్‌లో ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. ఒకే పేరుతో బోలెడు వీధులు. అన్నీ నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద పోస్టాఫీసుకు వచ్చి, అక్కడి నుంచే మళ్లీ వెళ్లాలి. అంతకుముందే పెన్నీ స్టాంపుతో పేరు తెచ్చుకున్న రోలండ్ హిల్, ఆ పోస్టాఫీసు చుట్టూ 12 మైళ్ల వ్యాసార్ధంతో ఒక వలయం గీసి, దాన్ని బండిచక్రం ఆకుల్లా పది ముక్కలు చేశాడు. నడిమధ్య ఈసీ (తూర్పు మధ్య), డబ్ల్యూసీ (పడమటి మధ్య). చుట్టూ దిక్కుల పేర్లతో మిగతా ఎనిమిది. ప్రతి ముక్కకూ దాని సొంత పోస్టాఫీసు. ఎక్కడి ఉత్తరాలు అక్కడే తేలిపోవాలని ఉద్దేశం. జనాభా సమానంగా పంచాలన్న ఆలోచన అందులో ఎక్కడా లేదు. ఉత్తరాలు చాలక ఈశాన్యపు ముక్కను 1866లో తూర్పులో కలిపేశారు. దక్షిణాన్ని 1868లో అటూ ఇటూ పంచేశారు. ఎన్ఈ, ఎస్ అనే ఆ రెండు గుర్తులూ ఖాళీగా పడి ఉండి, చాలా ఏళ్ల తర్వాత ఒకటి న్యూకాసిల్‌కు, ఒకటి షెఫీల్డ్‌కు దక్కాయి.

ఈ పది ముక్కల్ని 1917లో అంకెలతో మళ్లీ చిన్నవి చేశారు. అప్పుడు యుద్ధం నడుస్తోంది. ఏ వీధి ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెప్పగల సార్టర్లు, అంటే ఉత్తరాలను వేరు చేసి గూళ్లలో వేసేవాళ్లు, సైన్యంలోకి పోయారు. వాళ్ల చోట కూర్చున్న కొత్తవాళ్లకు లండన్ అంతా కంఠస్థం వచ్చేదాకా ఉత్తరాలు ఆగవు కదా. అందుకని ప్రతి ముక్కలో ప్రధాన పోస్టాఫీసుకు 1 ఇచ్చి, మిగతావాటికి పేర్లలోని మొదటి అక్షరాల వరసలో 2, 3, 4 అంటూ పోయారు. దాని ఫలితం ఇప్పటికీ ఉంది. తూర్పు ముక్క గుర్తు ‘ఈ’. అందులో ‘ఈ3’ అయిన బో అనే పేట నగరం నడిబొడ్డుకు దగ్గర. ‘ఈ4’ అయిన చింగ్‌ఫర్డ్ ఎక్కడో శివార్లలో అడవి అంచున ఉంటుంది. అంకె చూసి దూరం అంచనా వేసేవాడు దారి తప్పుతాడు.

కోడ్‌ల చరిత్రలో యుద్ధం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. 1932లో సోవియట్ యుక్రెయిన్ ఒక పోస్టల్ సూచికను తెచ్చి కొన్నేళ్లకే వదిలేసింది, దాన్నలా ఉంచితే, జర్మనీ రెండంకెల కోడ్ తెచ్చింది 1941లో. అమెరికా 124 నగరాలను పోస్టల్ జోన్లుగా విడగొట్టింది 1943లో. అక్కడా కారణం ఒకటే, అనుభవమున్న గుమాస్తాలు యుద్ధానికి పోవడం. సార్టర్ తలలో ఉన్న ఊరిని అతను లేనప్పుడు కూడా పనికొచ్చేలా అంకెల్లోకి దించితే అది పోస్టల్ కోడ్ అవుతుంది. ఈ సంగతి తెలిస్తే తర్వాతి గందరగోళాలు సగం అర్థమవుతాయి. అంకెల్లో ఉన్నది మనుషుల ఊరు కాదు, సార్టర్ ముందున్న గూళ్ల చెక్క.

1944లో ఫిలడెల్ఫియాలో పనిచేసే రాబర్ట్ మూన్ అనే పోస్టల్ ఇన్‌స్పెక్టర్ దేశమంతటికీ అంకెలు పెడదామని ప్రతిపాదించాడు. అది అమల్లోకి రావడానికి 1963 జూలై 1 దాకా పట్టింది. మొదటి అంకె తూర్పు తీరాన 0తో మొదలై పసిఫిక్ ఒడ్డున 9తో ముగుస్తుంది. ఆ ఐదంకెలకు చోటు చేయడానికి రాష్ట్రాల పేర్లు కూడా చిక్కిపోయాయి. చిరునామాలు అచ్చు కొట్టే యంత్రాల్లో ఊరు, రాష్ట్రం, కోడ్ ఉండే వరసకు 23 అక్షరాలే పట్టేవి. ఇవాళ అందరూ వాడే రెండక్షరాల రాష్ట్ర సంకేతాలు ఆ ఇరుకులోంచే పుట్టాయి.

కెనడాలో కథ ఇంకో మలుపు తిరిగింది. 1971లో అక్షరం, అంకె కలగలిపిన ఆరు గుర్తుల కోడ్ వచ్చేసరికి తపాలా ఉద్యోగులు ఎదురు తిరిగారు. కోడ్ వెనకే సార్టింగ్ యంత్రం వస్తుందని, యంత్రం వస్తే తమ నైపుణ్యానికి విలువ పోతుందని వాళ్లకు తెలుసు. ఉత్తరాల మీద కోడ్ రాయొద్దని సంఘం జనానికి పిలుపునిచ్చింది. నాకైతే ఆ కోపం న్యాయంగానే తోస్తుంది. తలలోని ఊరు అంకెల్లోకి దిగిపోయాక ఆ తలకు ఇచ్చే జీతం తగ్గుతుంది. కోడ్ మాత్రం నిలిచింది.

మన పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించాడు. ఆయన సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపుల్లో చిరునామాలు ఉన్న దేశానికి అంకె తప్ప వేరే ఉమ్మడి భాష లేదు.

అయితే ఈ కోడ్‌లు దేశాన్ని ఎంతెంత ముక్కలు చేస్తాయి? ఇక్కడ ఒక దేశానికీ ఇంకో దేశానికీ పోలికే లేదు. భారత్‌లో సుమారు 19,000 పిన్ కోడ్‌లు. 140 కోట్ల మందికి పంచితే ఒక్కోదానికి 70 వేల మంది పైనే. అమెరికాలో 41,000 దాకా జిప్ కోడ్‌లు, సగటున 8 వేల మంది. బ్రిటన్‌లో పూర్తి పోస్ట్‌కోడ్‌లు 17 లక్షలకు పైమాటే, ఒక్కోదానికి 40 మంది కూడా రారు. ‘ఒక పోస్టల్ కోడ్‌లోని జనం’ అన్న మాట ఒక దేశంలో ఒక పట్టణం, ఇంకో దేశంలో వీధిలో ఒక వరస ఇళ్లు.

సగటు కూడా మోసమే. బ్రిటన్‌లో కోడ్ మొదటి అక్షరాలను బట్టి ఏర్పడే ప్రాంతాలు 124. వాటిలో బర్మింగ్‌హామ్ ‘బీ’ కింద 2011 జనాభా లెక్కల నాటికి 19 లక్షల మంది. షెట్లాండ్ దీవుల ‘జెడ్ఈ’ కింద 23 వేల మంది. కాగితం మీద రెండూ ఒకటే హోదా. అమెరికాలో లక్ష మంది దాటిన జిప్ కోడ్‌లున్నాయి, ఒక్క మనిషీ నివసించనివీ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి 12345 అనే సొంత కోడ్ ఇచ్చారు. అడవి మంటల గురించి హెచ్చరించే బొమ్మ ఎలుగుబంటి స్మోకీకి పిల్లలు రాసే ఉత్తరాల కోసం 1964లో ఒక కోడే ఇచ్చారు. ఎలుగుబంటి జనాభా లెక్కల్లోకి రాదు కానీ పోస్టాఫీసు లెక్కల్లో దానిదో గూడు.

సరిహద్దులూ అంతే. వేల్స్‌లో సముద్రం ఒడ్డునున్న ఆబరిస్ట్‌విత్‌కు ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ పేర ‘ఎస్‌వై’ కోడ్. ఇంగ్లండ్‌లో ఉన్న బెరిక్ స్కాట్లండ్ వైపు ‘టీడీ’లో పడింది. గోవా 1987లో రాష్ట్రమైంది గానీ దాని 403 ఇప్పటికీ మహారాష్ట్ర వరసలోదే. ఆంధ్ర, తెలంగాణ రెండయ్యాక కూడా, కర్ణాటకతో పాటు, మొదటి అంకె 5లోనే కలిసి ఉన్నాయి. చుట్టూ స్విట్జర్లాండ్ ఉన్న జర్మన్ ఊరు బ్యూజింగెన్‌కు రెండు దేశాల కోడ్‌లూ ఉన్నాయి, దేనితో రాసినా ఉత్తరం చేరుతుంది. జర్మనీ విడిపోయి ఉన్న రోజుల్లో పశ్చిమాన బాన్‌కూ తూర్పున వైమార్‌కూ 5300 అనే కోడే ఉండేది. దేశం ఏకమయ్యాక ముందొక అక్షరం తగిలించి నెట్టుకొచ్చి, 1993 జూలై 1న దేశమంతా ఐదంకెలకు మారారు.

ఉత్తరాలకు ఇవేవీ ఇబ్బంది కాదు. ఇబ్బంది ఉత్తరాలతో పనిలేనివాళ్లు కోడ్‌ను పట్టుకున్నాక మొదలైంది. ప్రతి మనిషీ నోటికి చెప్పగలిగే, ప్రతి ఫారంలోనూ రాసే అంకె ఇంకేముంది? 1970లలో జోనథన్ రాబిన్ స్థాపించిన క్లారిటాస్ సంస్థ అమెరికా జిప్ కోడ్‌లకు జనాభా లెక్కల్ని జోడించి, వాటిని 40 రకాల జనంగా వర్గీకరించి వ్యాపారులకు అమ్మింది. ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుందన్న నమ్మకం ఆ వ్యాపారానికి పెట్టుబడి. బీమా కంపెనీలు కోడ్ చూసి ప్రీమియం వేశాయి. బండి ఎలా నడుపుతాడన్నదానికంటే ఎక్కడ పడుకుంటాడన్నది ఎక్కువై కూర్చుంది. కాలిఫోర్నియా ఓటర్లు 1988లో 103వ ప్రతిపాదన నెగ్గించి, డ్రైవింగ్ రికార్డు, నడిపిన మైళ్లు, అనుభవం ముందు చూడాలని నిబంధన పెట్టించాల్సి వచ్చింది.

బ్రిటన్‌లో ‘పోస్ట్‌కోడ్ లాటరీ’ అన్న మాట పుట్టింది. ఒకే జబ్బుకు ఒక చోట మందు ఇస్తారు, పక్క పేటలో ఇవ్వరు. ఆ తేడా తగ్గించడానికే 1999లో నైస్ అనే సంస్థను పెట్టారు. నిజానికి ఆ హద్దులు ఆరోగ్య శాఖ జిల్లాలవి. పోస్ట్‌కోడ్ చేయని నేరానికి పేరు మోసింది.

లెక్కల శాఖల వాళ్లు ఈ చిక్కును కనిపెట్టకపోలేదు. 2000 నాటి లెక్కల కోసం అమెరికా సెన్సస్ బ్యూరో జిప్ కోడ్‌ను పోలిన కొత్త ప్రాంతాలను తానే గీసుకుంది, అసలు కోడ్‌లకు హద్దులే లేవు కాబట్టి. ఇంతలో ఇంకో భయం బయటపడింది. 1997లో లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని పేర్లు తీసేసి విడుదల చేసిన ఆరోగ్య రికార్డుల్లోంచి మసాచుసెట్స్ గవర్నర్ విలియం వెల్డ్ రికార్డును బయటికి తీసింది. 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొనుక్కుంది. ఆయన పుట్టిన ఏడాదిలో అదే తేదీన పుట్టినవాళ్లు అందులో ఆరుగురు, మగవాళ్లు ముగ్గురు, ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. పుట్టిన తేదీ, ఆడా మగా, ఐదంకెల కోడ్ తెలిస్తే 87 శాతం అమెరికన్లను గుర్తు పట్టొచ్చని ఆమె తర్వాత లెక్క కట్టింది. ఇప్పుడక్కడి ఆరోగ్య గోప్యత నిబంధన ప్రకారం కోడ్‌లో మొదటి మూడంకెలే బయటపెట్టాలి. ఆ మూడంకెల కింద 20 వేల మందికి మించి లేకపోతే వాటినీ 000 చేసేయాలి. 2000 లెక్కల ప్రకారం అలాంటివి 17. ఎల్లోస్టోన్ పార్కు ఉన్న 821 వాటిలో ఒకటి.

ఐర్లండ్ వ్యతిరేక దిశలో వెళ్లింది. 2015లో తెచ్చిన ఎయిర్‌కోడ్ ప్రతి చిరునామాకూ ఒక్కో ఏడు గుర్తుల కోడ్ ఇచ్చింది. పక్క పక్క ఇళ్లకు వరస అంకెలు కూడా ఉండవు. అంతకుముందు ఆ దేశంలో అంకెలున్నది ప్రధానంగా డబ్లిన్‌కే, లిఫీ నదికి ఉత్తరాన బేసి, దక్షిణాన సరి. 1985లో డబ్లిన్ 6ను రెండు చేసి ఒక భాగాన్ని 26 చేద్దామనుకుంటే అక్కడివాళ్లు ఒప్పుకోలేదు. పెద్ద అంకె వస్తే ఇళ్ల ధర పడిపోతుందని వాళ్ల బెంగ. చివరికి 6డబ్ల్యూ అని, అంటే పడమటి 6 అని, మధ్యేమార్గం చూశారు. ముప్పై ఏళ్ల తర్వాత ఎయిర్‌కోడ్ రాసినప్పుడు ముందుండే మూడు గుర్తులకు దేశమంతా ఒకే పద్ధతి పెట్టారు: ఒక అక్షరం, రెండు అంకెలు. మొత్తం 139 ఉన్నాయి. వాటిలో ఒక్కటే ఆ పద్ధతికి లొంగలేదు. అది డీ6డబ్ల్యూ.