ముంచారా, చల్లారా?

పోయిన నెల ఓ పెళ్లిచూపులకు నన్నూ రమ్మన్నారు. అమ్మాయి వాళ్లది మా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం, అబ్బాయి వాళ్లు బాప్టిస్టులు. టీ గ్లాసులు ఇంకా చేతుల్లోనే ఉన్నాయి, అబ్బాయి పెద్దమ్మ అడిగేసింది: “అయ్యగారూ, బాప్తిస్మానికి పిల్లని నీళ్లలో ముంచారా, నీళ్లు చల్లారా?” కట్నం మాట కూడా అప్పటికింకా రాలేదు!

అపోహ: బాప్తిస్మం వేరైతే విశ్వాసమే వేరు.

వాస్తవం: 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చిన సంగతి బాప్టిస్టులు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. మేం చంటిబిడ్డ తల మీద దోసెడు నీళ్లు పోస్తాం. ఏ వయసులో, ఎన్ని నీళ్లతో అన్న దగ్గరే తేడా. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం ఇద్దరికీ ఒకటే.

మా సంఘం పుట్టుకే చూడండి. ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్లు 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మాటలు మొదలుపెడితే, తర్వాత మెథడిస్టులూ చేరి, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో గానీ కలవలేదు. 28 ఏళ్లు! యేసు ఎవరన్న దాని మీద పేచీ లేదు. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టరు పాస్టరేనా అన్న దగ్గరే ఎక్కువగా నలిగింది.

అపోహ: తేడాలన్నీ చిన్నవే, అందరం ఒకటే.

వాస్తవం: కాదు. కుమారుడు, అంటే యేసు, కూడా సృష్టించబడినవాడే అని అరియస్ అనే పాదిరి అంటే, 325లో నైసియాలో కూడిన బిషప్పుల సభ ఒప్పుకోలేదు. యెహోవా సాక్షులు ఇప్పుడూ యేసు సృష్టించబడినవాడనే నమ్ముతారు. మా వీధిలో ఉన్నారు, మంచివాళ్లు. కానీ ఇక్కడ తేడా మూలంలోనే ఉంది. కేథలిక్కులతో మరియమ్మ గురించి, పోపు గురించి ఎంత వాదించినా, నైసియా విశ్వాస ప్రమాణం మాత్రం వాళ్లూ చదువుతారు, మేమూ చదువుతాం.

అపోహ: నగలు తీసేయడం, తెల్లచీర కట్టడం లాంటివి ఎప్పటికీ చిన్న విషయాలే.

వాస్తవం: ఎవరి మనస్సాక్షి వాళ్లది అన్నంతవరకే. అపొస్తలుడు పౌలు తన శిష్యుడు తిమోతికి సున్నతి చేయించాడు. అదే సున్నతి లేకపోతే రక్షణ లేదని కొందరు పట్టుబట్టినప్పుడు, ఇంకో శిష్యుడు తీతు విషయంలో ఒక్క గడియ కూడా లొంగలేదు. “గాజులు తీస్తేనే పరలోకం” అన్నారంటే గొడవ ఇక గాజుల గురించి కాదు.

పెద్దమ్మకు “చల్లామమ్మా” అని ఉన్నమాటే చెప్పాను. మళ్లీ ముంచాలంటారేమోనని అమ్మాయి తండ్రికి టెన్షన్. సంబంధమైతే ఖాయమైంది గానీ, పెళ్లి ఏ చర్చిలో అన్నది ఇంకా తేలలేదు.