పాథాలజీలో చేరాలనుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైందంటే జూనియర్ల ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మెడిసిన్ వచ్చేలా లేదు, పాథాలజీ వస్తోంది. తీసుకోమంటారా, ఇంకో ఏడాది చదవమంటారా?" రక్తం, కణాలు, శరీరం నుంచి తీసిన ముక్కలు పరీక్షించి జబ్బేదో తేల్చే బ్రాంచ్ పాథాలజీ. అడిగేది ఎవరైనా వెనకాల ఉన్న భయాలు దాదాపు అవే. ఇంట్లోవాళ్లు, సీనియర్లు, ఒక్కోసారి తోటి డాక్టర్లే నూరిపోసినవి.

అపోహ: అంతా మెషినే చేస్తుంది. ఇక డాక్టర్‌తో పనేముంది?

డెంగీ సీజన్లో ఏ ల్యాబ్‌లోనైనా కాసేపు కూర్చుని చూడండి. జ్వరంతో వచ్చినాయన ప్లేట్‌లెట్లు 22 వేలని మెషిన్ చెబుతుంది. ఇంట్లోవాళ్లకు టెన్షన్, ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్ మీద ఒత్తిడి. పాథాలజిస్ట్ అదే రక్తంతో స్మియర్ వేయించి, అంటే గాజు స్లైడ్ మీద పలచగా పూయించి, మైక్రోస్కోప్ కింద పెడితే, స్లైడ్ చివరి అంచున ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని కనిపిస్తాయి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ అనే రసాయనం కొందరి రక్తంలో ఇలా చేస్తుంది. గుంపును మెషిన్ ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టలేదు. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి చూస్తే కౌంట్ బాగానే ఉంటుంది. ఆయనకు ఎక్కించాల్సిన అవసరమే లేదు.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితీ ఉంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని వచ్చిన కుర్రాడి స్మియర్‌లో, కణాల లోపల సన్నటి పుల్లల కట్టల్లా ఆవర్ రాడ్స్ కనిపించాయంటే అది అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ కావచ్చు. మెదడులో రక్తస్రావమై గంటల్లో ప్రాణం పోగలదు. జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, అనుమానం రాగానే ఏటీఆర్ఏ మందు మొదలుపెట్టాలి. సకాలంలో మందు పడితే రక్త క్యాన్సర్లలో బాగా నయమయ్యే వాటిలో ఇదొకటి. వార్డుకు ఆ ఫోన్ చేయాల్సింది పాథాలజిస్టే.

అపోహ: పేషెంట్ ముఖం చూడని బ్రాంచ్.

మెడలో గడ్డతోనో, థైరాయిడ్ వాపుతోనో వచ్చినవాళ్లకు చాలా ఆస్పత్రుల్లో సూది పరీక్ష చేసేది మేమే. సూది చూసి భయపడేవాళ్లకు ధైర్యం చెప్పి, గడ్డను వేళ్లతో పట్టుకుని, అక్కడికక్కడే స్లైడ్ వేస్తాం. ఇక ఫ్రోజెన్ సెక్షన్ అంటే, పేషెంట్ ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే తీసిన ముక్క మా దగ్గరికి వస్తుంది. గడ్డకట్టించి, కోసి, రంగులద్ది, ఇరవై నిమిషాల్లో చెప్పాలి. అంచు వరకు క్యాన్సర్ ఉందంటే సర్జన్ ఇంకాస్త కోస్తారు. లేదంటే కుట్లు వేస్తారు.

గ్రాసింగ్ గురించి, అంటే ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని కంటితో, చేత్తో పరిశీలించి స్లైడ్లకు కావాల్సిన ముక్కలు ఎంచడం గురించి, బయట ఎవరికీ తెలియదు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి తీసిన భాగం పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో రాత్రంతా నానాక బల్ల మీదికొస్తుంది. వాసనకు కళ్లు మండుతుంటాయి. పేగు చుట్టూ ఉన్న కొవ్వును కొంచెం కొంచెంగా వేళ్లతో నలుపుతూ, గింజల్లా తగిలే లింఫ్ గ్రంథులను ఒక్కొక్కటే ఏరాలి. కనీసం 12 అయినా చూడాలన్నది ప్రమాణం. ఐదారు దొరికాయని ఆపేస్తే, క్యాన్సర్ పాకిన గ్రంథి కొవ్వులోనే ఉండిపోవచ్చు. కీమో ఇవ్వాల్సిన మనిషికి ఇవ్వకుండా పంపేస్తారు. ఈ ఓపిక లేనివాళ్లు దయచేసి ఈ బ్రాంచ్‌కు రావద్దు. ర్యాంకు వల్ల వచ్చారా, ఇష్టపడి వచ్చారా అన్నది నాకు పట్టింపు లేదు.

అపోహ: రోజంతా పోస్ట్‌మార్టాలే.

కాదు. పోలీసు కేసుల శవపరీక్షలు ఫోరెన్సిక్ విభాగం పని. మాకు వచ్చేవాటిలో అత్యధికం బతికున్నవాళ్ల శాంపిళ్లే.

అపోహ: డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసినా, ఎండీ చేసినా ఒకటే, సంతకమే కదా!

మూడు, నాలుగు మైక్రాన్ల మందంతో ముడతలేని సెక్షన్ (స్లైడ్ మీద పెట్టే పలచని పొర) కోసిచ్చే టెక్నీషియన్ లేకపోతే నేను చూడగలిగింది ఏమీ లేదు. ఆ నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ స్లైడ్‌లో కనిపించేది ఏ జబ్బో తేల్చడం వైద్యం. ల్యాబ్ రిపోర్టు మీద సంతకం పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే పెట్టాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా, తాము అసలు వెళ్లని ల్యాబులకు స్కాన్ చేసిన సంతకాలు అద్దెకిచ్చేవాళ్లు మనలోనే ఉన్నారు. ఎండీ పూర్తవగానే మీకూ అలాంటి ఫోన్ వస్తుంది. నెలకింత, రానక్కర్లేదు, అంటారు. ఒప్పుకోకండి. చూడని రిపోర్టు తప్పయితే నష్టపోయేది ఎవరో తెలియని ఒక పేషెంట్, జవాబు చెప్పాల్సింది మీరు.

అపోహ: ఏఐ వచ్చాక పాథాలజిస్టులకు పనుండదు.

స్లైడ్లను స్కాన్ చేసి తెర మీద చూసి రిపోర్టు ఇవ్వడానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2017లోనే ఒక సిస్టమ్‌కు అనుమతిచ్చింది. సాఫ్ట్‌వేర్ కణాలను లెక్కపెట్టడంలో, అనుమానం ఉన్నచోటు గుర్తు పెట్టడంలో బాగా సాయపడుతుంది. నేర్చుకోండి, భయపడకండి. ముక్క ఎక్కణ్నుంచి తీశారు, ముందు రేడియేషన్ ఇచ్చారా, స్కాన్‌లో ఏముంది అని సర్జన్‌కు ఫోన్ చేసి అడిగి, అన్నీ కలిపి ఒక మాట చెప్పడం ఇంకా మన పనే.

డబ్బు సంగతి దాచను. మొదట్లో సర్జన్ల స్థాయిలో రాదు. సొంత ల్యాబ్ పెడితే పెద్ద చెయిన్లతో పోటీ తప్పదు. ఎండీ తర్వాత ఆంకోపాథాలజీలోనో (క్యాన్సర్లు), హెమటోపాథాలజీలోనో (రక్త జబ్బులు) ప్రత్యేక శిక్షణ తీసుకుంటే క్యాన్సర్ ఆస్పత్రుల్లో మంచి అవకాశాలున్నాయి. బ్లడ్ సెంటర్లు, మెడికల్ కాలేజీలు ఎలాగూ ఉన్నాయి. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ మాత్రం విడి ఎండీలని గుర్తుంచుకోండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు చాలామంది కలిపేసుకుంటారు.

సీటు ఖాయం చేసుకునే ముందు ఆ కాలేజీ పీజీలతో మాట్లాడండి. బయాప్సీలు రోజుకు ఎన్ని వస్తాయి, ఫ్రోజెన్ ఉందా, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో కణాల రకం గుర్తించే పరీక్ష) అక్కడే చేస్తారా, గ్రాసింగ్ పీజీల చేత చేయిస్తారా అని అడగండి. కాలేజీ పేరు కన్నా నాకు ఈ జవాబులే ముఖ్యం.