చెట్లు సెలవుల దాకా ఆగవు: హైదరాబాదు పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

పరీక్షలు దగ్గర పడుతున్నాయని తెలుసు. అయినా ఈ ఉత్తరం ఇప్పుడే రాస్తున్నాను, ఎందుకంటే చెట్లు మీ సెలవుల దాకా ఆగవు. పంచాంగంలో చైత్ర వైశాఖాలు వసంతం. మన దక్కను నేల మీద మాత్రం చెట్లు మాఘ ఫాల్గుణాల్లోనే పని మొదలుపెడతాయి. బడికి సెలవులిచ్చేసరికి లేతాకులన్నీ ముదిరిపోయి ఉంటాయి. వారానికి రెండు ఉదయాలు, ఒక్కో ఉదయం ముప్పావుగంట తీసి పెట్టుకోండి, చాలు.

ఒక్క మాట ముందే చెప్తాను. ఈ ఊళ్ళో వసంతం చూడాలంటే పూల కోసం వెతక్కండి, చిగురు కోసం వెతకండి. కాగితం పూలు ప్రహరీగోడల మీద ఏడాదిలో చాలా నెలలు కనబడతాయి. రావిచెట్టు రాగిరంగులో మెరిసేది మాత్రం ఏడాదికి కొద్ది రోజులే.

చలికాలం వెళ్తూనే నేల పైపొరలో తడి ఆరిపోతుంది. ఆకుల గుండా నీరు ఆవిరైపోకుండా చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి. ఆ తర్వాత, ఒక్క చినుకైనా పడకముందే, లోతుగా పోయిన వేళ్ళు తెచ్చిచ్చే నీటితో కొత్తాకు వేస్తాయి. జూన్‌లో వాన పడేనాటికి ఆకులు సిద్ధంగా ఉంటాయి. చిగురు ఎర్రగా ఉండటానికి కారణం ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. అప్పటికి ఆకులో పత్రహరితం పూర్తిగా చేరదు. చేరేకొద్దీ ఎరుపు లేతాకుపచ్చగా, ఆ పైన ముదురాకుపచ్చగా మారుతుంది. రావి, వేప, మామిడి మూడింటిలోనూ ఈ మార్పు బాగా తెలుస్తుంది. కానుగకు ఎరుపు తక్కువ. అది మోడుగా నిలబడి ఉండగానే ఒక వారం పది రోజుల్లో నూనె రాసినట్టు మెరిసే పచ్చదనం కప్పుకుంటుంది. మన వీధుల్లో ఎక్కువగా నాటిన చెట్లలో అదొకటి కాబట్టి మీ ఇంటి ముందే ఉండొచ్చు, చూడండి.

పూలు అసలే వద్దని కాదు. ఫిబ్రవరిలో బూరుగ ఆకు లేకుండా అరచేయంత ఎర్రపూలు పూస్తుంది. తేనె తాగడానికి గోరింకలు, కాకులు ఆ కొమ్మల మీదే గుమిగూడతాయి. మోదుగ నగరం లోపల తక్కువ, చిలుకూరు దాటి వికారాబాదు వైపు వెళ్తే కనబడుతుంది. పసుపు పూల తబెబుయా అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన చెట్టు, ఇప్పుడు మన రోడ్ల పక్కన బాగానే ఉంది. తురాయి, రేల పూలకు ఇంకా సమయం ఉంది, అవి ఎండలు ముదిరాక పూస్తాయి.

ఇక నడక. మార్చి మొదట్లో మన ఊళ్ళో ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది, ఏప్రిల్ మధ్యకు ఆరింటికే. పొద్దు పొడిచిన పావుగంటకు బయల్దేరి ఎనిమిదిన్నరలోపు ఇంటికి రండి. ఆ తర్వాత ఎండ నెత్తికెక్కుతుంది, వెలుగు కూడా ఫోటోలకు పనికిరాదు. ఒక కిలోమీటరు దారి ఎంచుకుని వారం వారం అదే దారిలో నడవండి. రోజుకో కొత్త పార్కుకు వెళ్తే పార్కులు చూసినట్టవుతుంది, మార్పు కనబడదు. దారిలో మూడు చెట్లు గుర్తుపెట్టుకోండి, అంతకు మించొద్దు. పది చెట్లతో మొదలుపెట్టినవాళ్ళు రెండో వారానికే నోటుపుస్తకం మూల పడేస్తారు. మూడింటిలో ఒకటి రావి, ఒకటి వేప అయితే మంచిది. మూడోది మీ ఇష్టం.

చెట్టంతా ఒకేసారి చిగురించదు. మామిడిలో ఒక కొమ్మ ఎర్రగా ఉంటే పక్క కొమ్మ ముదురాకుతో ఉంటుంది. అందుకని చేతికందే ఒక కొమ్మకు నూలు దారం వదులుగా కట్టి ఆ కొమ్మనే చూడండి. బిగించి కడితే కొమ్మ లావెక్కినప్పుడు బెరడు కోసుకుపోతుంది, ఏప్రిల్ చివర్లో మరిచిపోకుండా విప్పేయండి. పుస్తకంలో తేదీ వేసి ఒకే మాట రాయండి: రాలుతోంది, మోడు, మొగ్గ, ఎర్ర చిగురు, లేతాకు, ముదురాకు. ఈ ఆరింటిలో ఏదో ఒకటి. పూత వస్తే పక్కన ఇంకో మాట.

చోట్లు చాలా ఉన్నాయి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, ఇందిరా పార్కు, ఉస్మానియా విశ్వవిద్యాలయం రోడ్లు, కొండాపూర్ బొటానికల్ గార్డెన్. జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కులో నెమళ్ళు కూడా కనబడతాయి. అది జాతీయ ఉద్యానవనం, అక్కడ ఆకు తెంపడం కూడా చట్టరీత్యా తప్పు, దారం కట్టే పని అక్కడ పెట్టుకోకండి. కోయిల కూత వింటే ఆగి వెతకండి. కూ అని గొంతెత్తేది నల్లటి మగకోయిల. మనం కోయిలమ్మ అని పిలుచుకునే ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దాని అరుపు వేరు. మామిడి చిగురు తిని కోయిల కూస్తుందని కవులు అంటారు గానీ దాని తిండి ఎక్కువగా పళ్ళు. కాబట్టి పండిన రావిచెట్టు దగ్గర వెతికితే త్వరగా దొరుకుతుంది.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. అది ఆసుపత్రి కాబట్టి పెద్దవాళ్ళతో, రోగులకు అడ్డం రాకుండా వెళ్ళి చూడండి. ఆ చెట్టు చూడకుండా ఈ ఊరి వసంతం చూశామనుకోకూడదు.

ఫోటోలకు పెద్ద కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. ముందు లెన్సును మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. ఫోటో మసకగా వచ్చిందనేవాళ్ళలో చాలామందికి అసలు కారణం వేలిముద్రలే. చిగురును ఎప్పుడూ వెలుగుకు ఎదురుగా నిలబడి తీయాలి, అంటే చెట్టు మీకూ సూర్యుడికీ మధ్య ఉండాలి. వెలుగు ఆకు గుండా వచ్చినప్పుడే ఈనెలు, రాగిరంగు బయటపడతాయి. వెలుగు మీ వీపు వెనకనుంచి పడితే అదే ఆకు గోధుమరంగు అట్టముక్కలా ఉంటుంది. సూర్యబింబం మాత్రం నేరుగా లెన్సులో పడనీయకండి, దాన్ని ఏదైనా కొమ్మ చాటు చేయండి.

ఎదురు వెలుగులో ఒక చిక్కు ఉంది. వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతుంటే ఫోన్ ఆ తెలుపును చూసి మొత్తం బొమ్మను నల్లబరుస్తుంది. రెండు అడుగులు పక్కకు జరిగి, ఆకు వెనక నీడలో ఉన్న గోడో మరో చెట్టో వచ్చేలా నిలబడండి. సగం ఫోటోలు దీనితోనే బాగుపడతాయి. తర్వాత ఆకు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ అక్కడే తాళం పడతాయి. అప్పుడు వేలిని పైకో కిందికో జరిపి వెలుగు సరిచేసుకోండి. పసుపు తబెబుయా, ఎర్ర బూరుగ పూలకైతే తప్పనిసరిగా కొంచెం తగ్గించాలి. తగ్గించకపోతే రేకుల మీది గీతలన్నీ చెరిగి పసుపు ముద్ద, ఎరుపు ముద్ద మిగులుతాయి. అలా చెరిగినవి తర్వాత ఎంత దిద్దినా తిరిగి రావు.

వేపపువ్వు చిన్నది. ఫోన్‌ను మరీ దగ్గరికి తోస్తే ఫోకస్ కుదరదు. ఒక అడుగు దూరాన నిలబడి రెండింతలు జూమ్ చేయండి. గాలికి కొమ్మ ఊగుతుంటే ఊగి ఆగే క్షణం కోసం చూసి, వరసగా ఐదారు తీసి బాగున్నది ఉంచుకోండి. చివరగా, మీ మూడు చెట్లకు ప్రతి వారం ఒకే చోట నిలబడి, ఫోన్ నిలువుగా పట్టుకుని, ఒక్కో ఫోటో తీయండి. నేల మీద ఒక రాయో ఫుట్‌పాత్ పలకో గుర్తుపెట్టుకుంటే నిలబడే చోటు మారదు. ఎనిమిది వారాల బొమ్మలు పక్కపక్కన పెడితే మోడు నుంచి ముదురాకు దాకా కథ అంతా ఉంటుంది.

ఇక వంట. చింతచిగురు ఈ ఋతువులోనే దొరుకుతుంది. మెహదీపట్నం, ఎర్రగడ్డ రైతుబజార్లలో అడగండి. వేలితో గిల్లితే తెగాలి, అంచు కొంచెం ఎర్రగా ఉండాలి. ముదిరిందైతే పప్పులో పీచులా పళ్ళకు తగులుతుంది. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళుండగానే చేయండి.

నలుగురికి కప్పు కందిపప్పు, నొక్కకుండా కొలిచిన రెండు కప్పుల చిగురు కావాలి. చిగురులో పుల్లలు ఏరి, కడిగి, గుడ్డ మీద తడి పూర్తిగా ఆరనివ్వండి. ఆరాక అరచేతుల మధ్య నలిపితే ఆకు విడిపోయి ఈనెలు మిగులుతాయి, వాటిని ఏరేయండి. తడిగా ఉండగా నలిపితే ముద్దయి ఈనెలకే అంటుకుంటుంది. పప్పును మూడు కప్పుల నీళ్ళతో, చిటికెడు పసుపుతో విడిగా కుక్కర్లో నాలుగైదు కూతలు రానివ్వండి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, చిగురు కూడా పప్పుతోపాటు కుక్కర్లో వేసేస్తారు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, ఎన్ని కూతలు వచ్చినా పలుకుగానే ఉంటుంది.

బాణలిలో రెండు పెద్ద చెంచాల నూనె వేడిచేసి అరచెంచా ఆవాలు, అరచెంచా జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఇంగువ, కరివేపాకు వేయండి. చీల్చిన ఐదు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ తరుగు వేసి మెత్తబడనివ్వండి. అప్పుడు చిగురు వేసి సన్నమంట మీద మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. రంగు మారి పచ్చివాసన పోతుంది. మెదిపిన పప్పు, చెంచా ఉప్పు, అరకప్పు వేడినీళ్ళు కలిపి ఐదు నిమిషాలు ఉడకనిస్తే పప్పు తయారు. పులుపు చెట్టును బట్టి మారుతుంది, అందుకే మొదట ముప్పాతిక వంతు చిగురే వేసి రుచి చూసి మిగతాది కలపడం నయం. ఎక్కువైతే ఇంకాస్త ఉడికిన పప్పు కలపండి. మాంసం తినే ఇళ్ళలో ఇదే చిగురును మటన్‌లోనో రొయ్యల్లోనో వేస్తారు, అదీ గొప్పగా ఉంటుంది.

ఉగాది పచ్చడి మీరే కలపండి. నిమ్మకాయంత కొత్త చింతపండు రెండు కప్పుల నీళ్ళలో నానబెట్టి రసం తీయండి. నూట ఇరవై గ్రాముల బెల్లం ఆ రసంలో కరిగించి వడకట్టండి, బెల్లంలో ఇసుక ఉంటే అడుగున మిగిలిపోతుంది. సన్నగా తరిగిన మామిడికాయ అరకప్పు, అరచెంచా ఉప్పు, చిన్న పచ్చిమిరపకాయ తరుగు వేయండి. వేపపువ్వు ఒక పెద్ద చెంచా, అదీ తినబోయే ముందే. గంట ముందు వేస్తే చేదు నీళ్ళలోకి దిగి మిగతా ఐదు రుచుల్నీ మింగేస్తుంది.

ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది, కొన్నేళ్ళు మార్చి మూడో వారంలో, కొన్నేళ్ళు ఏప్రిల్‌లో. 2024లో ఏప్రిల్ 9, 2026లో మార్చి 19. వేపచెట్టుకు ఆ లెక్క లేదు. పండగ తొందరగా వచ్చిన ఏడు పువ్వు విచ్చకుండా మొగ్గల్లోనే ఉండిపోవచ్చు. అందుకే ఈ ఏడాది పువ్వు ఎండబెట్టి దాచుకోవాలి. బాగా పూసిన చెట్టు కింద సాయంత్రం తెల్లటి పాత దుప్పటి పరిచి పొద్దున్నే దులపండి. బస్సులు తిరిగే రోడ్డు పక్క చెట్టు వద్దు, పువ్వు నిండా పొగ, దుమ్ము ఉంటాయి. పుల్లలు, పురుగులు ఏరి, పల్చగా పరిచి నీడలో మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. ఎండలో పెడితే రంగు, వాసన పోతాయి. వేళ్ళ మధ్య గలగలమన్నాక గాజుసీసాలో పెట్టి మూత బిగించండి. తడి ఏమాత్రం మిగిలినా పది రోజుల్లో బూజు పడుతుంది. మధ్యలో చారులోకి కావాలంటే ఒక చెంచా పువ్వును నేతిలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి, చారు పొయ్యి మీంచి దించాక కలపండి. నల్లబడనిస్తే మాడు చేదే మిగులుతుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య