నరికిన వర్షారణ్యం మళ్లీ పెరుగుతుందా? అపోహలు – వాస్తవాలు

పశ్చిమ కనుమల్లోని ఆనమలై కొండల మీద, వాల్పారై తేయాకు తోటల నడుమ మిగిలిన వర్షారణ్యపు ముక్కలను బాగుచేసే పనిలో ఉన్నాను. తరచూ వినిపించే కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ఒకసారి నరికితే వర్షారణ్యం ఇక రాదు.
వాస్తవం: వస్తుంది, కానీ అన్నీ ఒకేసారి రావు. అమెరికా ఖండాల్లోనూ పశ్చిమ ఆఫ్రికాలోనూ సాగు మానేసిన అటవీ భూములపై 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం, నేల సారం పదేళ్లలోపే కోలుకుంటుంది. చెట్ల జాతుల సంఖ్యకు 25 నుంచి 60 ఏళ్లు పడితే, పాత అడవిలో ఉండిన జాతుల కూర్పు కుదరడానికి 120 ఏళ్లు దాటుతుంది. అవి మరీ నలిగిపోని, దగ్గరలో అడవి ఉన్న భూములని మరువరాదు.

అపోహ: విత్తనాలు నేలలోనే ఉంటాయి, వదిలేస్తే చాలు.
వాస్తవం: మన ఏజెన్సీలో పోడు కొట్టిన కొండ మీద మోడులు చిగురించడం చూసినవారికి ఇలా అనిపించడం సహజమే. మకరంగా వంటి ఎండను కోరే చెట్ల విత్తనాలు మట్టిలో ఓపిగ్గా వేచి, వెలుతురు పడగానే లేస్తాయి. నీడలో పెరిగే పెద్ద చెట్లలో చాలావాటి గింజలు మాత్రం తేమ ఆరితే చచ్చిపోతాయి కనుక, నర్సరీలో వాటిని రాలిన కొద్ది రోజుల్లోనే విత్తుతాం. అడవిలో అవి తల్లిచెట్టును దాటి వెళ్లాలంటే మోసుకెళ్లే ముక్కు కావాలి. పండ్లు తినే పెద్ద ముక్కు పక్షి హార్న్‌బిల్. దాని ఆడపక్షి చెట్టు తొర్రలో మూసుకొని పొదిగే నెలల్లో, మగపక్షి తెచ్చిన పండ్ల గింజలు ఆ చెట్టు మొదట్లో పడుతుంటాయి. వంగి చూస్తే, ఎర్రటి జాపత్రి పూర్తిగా ఒలిచిన అడవి జాజికాయ గింజలు, వాటి పక్కనే నిరుటి గింజల నుంచి లేచిన జానెడు మొక్కలు కనిపిస్తాయి. ఆ పక్షిని వేటాడటమంటే రాబోయే చెట్లను ముందే నరకడమని నా నమ్మకం.

అపోహ: పచ్చబడితే అడవి వచ్చినట్టే.
వాస్తవం: బయటి నుంచి వచ్చి అడవిని ఆక్రమించే లాంటానా పొదలు, తోటల నుంచి పాకిన కాఫీ, ఆఫ్రికా నుంచి వచ్చిన మేసోప్సిస్ చెట్లు కూడా పచ్చగానే ఉంటాయి.

అపోహ: ఎన్ని మొక్కలు నాటితే అంత మేలు.
వాస్తవం: పక్కనే పాత అడవి ఉండి పక్షులు తిరిగేచోట, మేతనూ కట్టెల నరుకుడునూ ఆపడమే చాలాసార్లు సరిపోతుంది. పూర్తిగా చెడిన ముక్కలోనైనా మేము గుంత తవ్వేముందు లాంటానా కింద వెతికి, తనంతట తాను మొలిచిన ప్రతి స్థానిక మొక్క పక్కన ఒక కర్ర పాతుతాం. కలుపు కోసే కత్తి ఆ కర్రను చూసి ఆగుతుంది.